ప్రోగ్రాములకు లక్షణపరీక్ష

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగక్షర మొకటి దేశదేశముల వార్తాపత్రికల కెక్కినది. కారణము మాత్రము గర్వింపదగినది కాదు. "జ్ఞా" యను అక్షరమును ఒకానొక విధముగ కూర్చి ఐఫోనునకు సందేశముగ పంపినచో, దానిని చూపబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడుచుండెను. కొన్ని సమయములందు ఫోనంతయు ఆగి, మరల లేచి, మరల ఆగుచుండెను. ఇది తెలిసిన కొంటెవారు దానిని ఒకరికొకరు పంపుకొని వేడుక చూచిరి. జ్ఞానమను మాటలోని తొలి యక్షరమే యింత అజ్ఞానమునకు హేతువయ్యెనని మనము నవ్వుకొనవచ్చును గాని, అందు అక్షరముయొక్క దోషము లేశమైనను లేదు.

మనకు జ్ఞా ఒక్క అక్షరము. కంప్యూటరునకు అది జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు గుర్తుల వరుస. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ, కంటికి కనబడని ఐదవ గుర్తు, అనగా అక్షరములు కలిసిపోకుండ విడదీయు గుర్తు, చేరినప్పుడే పై యుపద్రవము కలుగుచుండెను. మామూలుగ "జ్ఞానము" అని వ్రాసికొన్నవారికి ఏ బాధయు లేదు. వంగలిపిలోని కొన్ని కూర్పులకును ఇదే గతి పట్టినది. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థవారు సవరించిన ప్రోగ్రామును విడుదల చేసిరి.

అంత పెద్ద సంస్థవారు ముందుగ పరీక్షింపకయే విడిచిరా యని సోదరీమణు లడుగవచ్చును. పరీక్షలు లేక కాదు. ప్రోగ్రామును నడిపి చూచుట యను పరీక్షకు ఒక హద్దు గలదు. ఏ అక్షరములు వేసి నడిపితిమో ఆ అక్షరముల సంగతియే తెలియును. వేయని కూర్పుల సంగతి తెలియదు. అక్షరముల కూర్పులకు అంతము లేదు. నడిపి చూచు గంటలకు అంతము కలదు. కాబట్టి నడిపి చూచుటతో తృప్తిపడక, నడపకయే, వ్రాసినదానిని వ్రాసినట్లుగ చదివి తప్పు పట్టు మార్గ మొకటి ఏర్పడినది. దానిని స్టాటిక్ అనాలిసిస్ అందురు. మనము నిశ్చలపరీక్ష యనుకొనవచ్చును. ఆ చదువుట మనుష్యుడు గాక మరియొక ప్రోగ్రాము చేయుటయే యందలి విశేషము.

ఈ చర్చ గృహిణులకేల యని కొందరు ముక్కున వ్రేలు వేసికొనకుందురు గాక! పాలవానికి, కూరలమ్మికి డబ్బు ఫోనుద్వారా పంపుచున్నాము. గ్యాసు బండ, రైలు టిక్కెట్టు, పిల్లల పరీక్షాఫలితములు అన్నియు ఈ వ్రాతల మీదుగనే మన యిండ్లకు వచ్చుచున్నవి. అంతకన్న ముఖ్యమైన దింకొకటి. దివిసీమలో ఏ వీధిలో అడిగినను, ఒక యింటి కొడుకో కూతురో కోడలో హైదరాబాదునందో బెంగుళూరునందో అమెరికాయందో ఈ వ్రాతపనియే చేయుచున్నారని చెప్పుదురు. 2020లో కరోనా వచ్చినప్పుడు వారిలో పలువురు ఇండ్లకు వచ్చి మేడగదులలో కూర్చుండి పనిచేసిరి. తల్లులు కాఫీ గ్లాసు పట్టుకొని వెళ్ళి చూచిరి గాని, తెరమీది యా గీతలేమో వారికి అర్థము కాలేదు.

మా మోపిదేవిలో అట్లు వచ్చిన యొక యమ్మాయి నాకు తన తెరను చూపినది. నల్లని పుటమీద రంగురంగుల పదములు. కొన్ని పదములక్రింద ఎఱ్ఱని వంకరగీత, కొన్నింటి క్రింద పసుపుపచ్చని వంకరగీత. "పిన్నిగారూ, ఇది నేను వ్రాయుచుండగనే తప్పు చెప్పును. నడపవలసిన పనియే లేదు" అన్నది. "అర్థము తెలియకయే తప్పెట్లు పట్టునమ్మా?" అంటిని. "అర్థము దానికక్కరలేదండీ. ఆకారము చాలును" అన్నది. ఆ మాటతో నాకు విషయము బోధపడినది. ఎందుకనగా ఛందస్సు నేర్చిన ప్రతివారును చేయు పని యదియే.

ఉత్పలమాల యున్నది. పాదమునకు 20 అక్షరములు. భ ర న భ భ ర వ యను గణములు. పదవ యక్షరము యతిస్థానము. రెండవ యక్షరము ప్రాస. పద్యమును పరీక్షించువాడు అది సీతాస్వయంవరమును వర్ణించునదా, వంకాయకూరను వర్ణించునదా యని చూడడు. ఒక్కొక్క యక్షరమును గురువో లఘువో నిర్ణయించి గుర్తు పెట్టును. అప్పుడు వేలకొలది యక్షరభేదములు మాయమై రెండే మిగులును. ఆ రెంటి వరుసను లక్షణముతో సరిపోల్చిన చాలును, పద్యము నడచునో కుంటునో తేలిపోవును. రాగము తీసి పాడి వినవలసిన పని లేదు. 17వ శతాబ్దమున అప్పకవి తన లక్షణగ్రంథమున యతిప్రాసల భేదముల నంత విస్తరముగ చెప్పుట ఇట్టి పరీక్షకు ఉపకరించుటకే గదా. నేడు "ఛందం" అను పేర ఒక కంప్యూటరు సాధనము గలదు. పద్యము వ్రాసి యిచ్చినచో గురులఘువులు గుర్తించి, గణములు విభజించి, యతిప్రాసలు చూచి చెప్పును. అది పద్యమునకు చేయునదే, నేను చూచిన వంకరగీతల సాధనము ప్రోగ్రామునకు చేయుచున్నది.

ఈ విధమైన సాధనములలో మొదట పేరుపడినది 1978లో అమెరికాయందు బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ అనునతడు సీ భాషకొరకు చేసిన లింట్. లింట్ అనగా బట్టమీద అంటుకొను దూదినూగు. బట్ట చినిగినదని చెప్పుటకు లింట్ అక్కరలేదు, ఎవరికైనను కనబడును. నూగు మాత్రము వెలుతురున పట్టి చూచినగాని కనబడదు. పేరు పెట్టి విలువ నింపకయే వాడుకొన్న పాత్ర, ఎవరును ఎన్నటికిని చేరజాలని పంక్తి, అంకెలు పట్టవలసిన చోట అక్షరములు వచ్చి కూర్చుండుట - ఇట్టివి ఆ నూగు. నేడు దాదాపు ప్రతి భాషకును ఇట్టి సాధనము గలదు, పలు సాధనముల పేర్ల చివర ఆ లింట్ అను తోక యింకను నిలిచియున్నది.

నూగు తీయుట ఒకయెత్తు. దోషము లేనేలేదని నిరూపించుట మరియొకయెత్తు. ఈ రెండవదానికి మార్గము చూపినవారు దంపతులు. పాట్రిక్ కూసో, రాధియా కూసో అను వారిరువురు 1977లో ప్రకటించిన సిద్ధాంతము ఈ శాస్త్రమునకు పునాది. రాధియాగారు 1947లో ట్యునీసియా దేశమున సకియత్ సీదీ యూసుఫ్ అను గ్రామమున జన్మించినది. 1958 ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రెంచి విమానములు ఆ గ్రామముపై బాంబులు వేసినప్పుడు పాఠశాలయు దెబ్బతిన్నది, పిల్లలు చనిపోయిరి. ఆమె బ్రతికి, చదివి, ఏ ఫ్రాన్సు విమానములు తన బడిని కూల్చెనో ఆ ఫ్రాన్సు దేశముననే పండితురాలై, విమానములు కూలకుండునట్టి విద్యను పెంపొందించినది. 2014లో స్వర్గస్థురాలైనది. మన పత్రికలలో ఆమె పేరు ఇంతవరకు నాకు కనబడలేదు.

వారి సిద్ధాంతమును నా కర్థమైనంతవరకు గురులఘువుల మాటలోనే చెప్పెదను. ప్రోగ్రాములో ఒక పాత్రలోనికి ఏ సంఖ్య వచ్చునో నడపకముందు తెలియదు. కాని ఆ సంఖ్య ధనమో ఋణమో సున్నయో, ఎంతకు తక్కువ కాదో, ఎంతకు మించదో అను నంతమాత్రము పట్టుకొని లెక్క నడపవచ్చును. ఋణమును ఋణముచే గుణించిన ధనమగునని తెలిసికొనుటకు ఆ ఋణము 3 అయినను 3,000 అయినను ఒకటే. అక్షరమును విడిచి గురులఘువులను పట్టుకొన్నట్లు, సంఖ్యను విడిచి దాని జాతిని పట్టుకొందురు. ఇట్లు చేసిన లెక్క ఒక్క నడకకు గాదు, సాధ్యమగు నన్ని నడకలకును వర్తించును. నడిపి చూచు పరీక్షకు లభింపనిది ఇదియే.

దీని విలువ 1996 జూన్ 4వ తేదీన లోకమునకు తెలిసినది. దక్షిణ అమెరికా తీరమున ఫ్రెంచి గయానాలోని కురూ నుండి ఏరియాన్ 5 అను క్రొత్త రాకెట్టు నాలుగు ఉపగ్రహములతో బయలుదేరి ఇంచుమించు 40 సెకండ్లకు ఆకాశముననే ముక్కలైనది. కారణము ఒక సంఖ్య. పక్కవాటు వేగమునకు సంబంధించిన పెద్ద సంఖ్యను 32,767కు మించి పట్టని చిన్న పాత్రలోనికి మార్చబోయిరి; సోలలో కుంచెడు వడ్లు పోయబూనినట్లయినది. ఆ ప్రోగ్రాము భాగము ఏరియాన్ 4 నుండి తెచ్చుకొన్నది. పాత రాకెట్టు నడకకు ఆ పాత్ర సరిపోయినది. క్రొత్తది తొలి క్షణములలోనే అంతకన్న వడిగ పోవునది. మరియు విచారకరమైన దేమనగా, రాకెట్టు నేల విడిచిన పిమ్మట ఆ భాగముతో పనియే లేదు. "అత్తగారినాటి కొలత" యని ప్రశ్నింపక వాడుట మన వంటయిండ్లలోనే కాదన్నమాట! ఆ ప్రమాదము తరువాత ఏరియాన్ ప్రోగ్రాములను ఈ నిశ్చలపరీక్షకు గురిచేసిరి. 2003 నవంబరులో కూసో దంపతుల బృందమువారి ఆస్త్రే యను సాధనము ఎయిర్‌బస్ ఎ340 విమానమును నడపు ముఖ్యమైన ప్రోగ్రామును, 1,32,000 పంక్తుల దానిని, 1 గంట 20 నిమిషములలో పరిశీలించి, ఇట్టి నడకదోషము లొక్కటియు లేవని నిరూపించినది.

ఇక సుబోధత సంగతి. ప్రోగ్రామును కంప్యూటరు నడుపును, నిజమే. కాని ఏండ్ల తరబడి దానిని చదువువారు మనుష్యులు. వ్రాసినవాడు ఉద్యోగము మారును. వానిచోట వచ్చిన పిల్ల ఆ పంక్తుల ముందు కూర్చుండి తల పట్టుకొనును. మన తాళపత్రములు చదివినవారికి ఈ బాధ క్రొత్త గాదు. మాటకును మాటకును ఎడము లేక, విరామచిహ్నము లేక, పద్యమును వచనమును ఒకే త్రాటిగ సాగును. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను దొర మన బందరులో కొంతకాల ముద్యోగము చేసినవాడే. ఆయన పండితులచే పలు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చదివించి శుద్ధప్రతులు వ్రాయించెను. లేఖకదోషములలో నొకటి, కన్ను తడబడి ఒకే పంక్తిని రెండుమార్లు వ్రాయుట.

అదే దోషము 2014 ఫిబ్రవరిలో మరల ఐఫోనులయందే బయటపడినది. ఎదుటనున్నది నిజముగ మన బ్యాంకేనా, వేషము వేసికొన్న దొంగయా యని సంతకమును పరీక్షించు ప్రోగ్రాములో, "తప్పయినచో చివరకు పొమ్ము" అను పంక్తి వరుసగ రెండుమార్లు పడినది. మొదటిది "తప్పయినచో" అను నియమమునకు లోబడినది. రెండవది ఏ నియమమునకు లోబడక, తప్పున్నను లేకున్నను చివరకే పంపినది. అసలు సంతకపరీక్ష ఆ పంక్తి దిగువన మిగిలిపోయినది. దానిని ఎవరును చేరరు. రెండు పంక్తులును సమానముగ లోపలికి జరిపి వ్రాయుటచే చదువరి కంటికి రెండును నియమములోనివే యని తోచినది. కన్ను ఒకటి చదివినది, యంత్రము మరియొకటి చదివినది. చేరజాలని పంక్తులను పట్టు సాధనము లప్పటికే యున్నవి; అక్కడ అవి పలుకలేదో, పలికినను వినబడలేదో. పిమ్మట 2016లో వెలువడిన జీసీసీ 6 అను సాధనమున, పంక్తుల జరుపు ఒక విధముగను అర్థ మింకొక విధముగను ఉన్నచో హెచ్చరించు నియమమును చేర్చిరి. కంటికిని యంత్రమునకును పొత్తు కుదుర్చు ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

సుబోధతను కొలుచుటకు అంకెలును గలవు. 1976లో టామస్ మెకేబ్ అనునతడు, ఒక ప్రోగ్రాము ఖండములో "అయినచో", "కానిచో" అని దారి చీలు చోట్లను లెక్కించి ఒకటి కలుపుమనెను. ఆ మొత్తము 10కి మించినచో ఖండమును విడదీయుట మేలనెను. పంక్తి పొడవునకు, ఖండము నిడివికి, ఒకదానిలో నొకటిగ దూరిన నియమముల లోతునకు ఇట్టి హద్దులే పెట్టుకొందురు. (దండకము వ్రాయువారిని, నావలె వాక్యములు సాగదీయువారిని ఆ యంత్రము ముందు నిలిపినచో ఎన్ని పసుపుగీతలు పడునో!)

అయితే యంత్రము చెప్పినదెల్ల వేదము కాదు. ఛందస్సుననే చూడుడు. సంయుక్తాక్షరమునకు ముందున్న లఘువు గురువగునని సూత్రము. "దేవప్రియ" యను సమాసమున వకారము గురువే. కాని "సీత ప్రేమతో" అని రెండు వేర్వేరు మాటలైనప్పుడు తెలుగువాడుకలో తకారము లఘువుగనే నిలుచును. మాట ఎక్కడ ముగిసినదో ఎరుగక అక్షరములను మాత్రము చూచు యంత్రము తకారమును గురువని పలికి, మంచి పద్యమును తప్పుపట్టును. ప్రోగ్రాములకును ఇట్టి వృథాహెచ్చరికలు మెండు. ఇది సాధనము చేసినవారి అలసత కాదు. ఏ ప్రోగ్రామునైనను చూచి అది ఎన్నటికైనను ఆగునో ఆగదో తప్పక చెప్పగల సర్వసామాన్యమైన ఉపాయము లేదని 1936లోనే అలాన్ ట్యూరింగ్ నిరూపించెను. 1953లో రైస్ అను పండితుడు ప్రోగ్రాము నడవడినిగూర్చిన తక్కిన ప్రశ్నలకును అదే గతియని చూపెను. కావున సాధనము, లేని తప్పును కొంత చెప్పవలెను, లేదా ఉన్న తప్పును కొంత విడువవలెను. విమానములవారు మొదటిదాని నెన్నుకొందురు. తక్కిన పనులవారు పలువురు విసుగు భరింపలేక రెండవదాని నెన్నుకొందురు.

ఆ విసుగే అసలు అపాయము. ఏండ్లనాటి ప్రోగ్రాముమీద మొదటిసారి ఈ సాధనమును పెట్టినచో వేలకొలది హెచ్చరికలు ఒక్కమారుగ వచ్చిపడును. ఆ వరదను చూచి, యజమాని తిట్టునని, సాధనమునే ఆపివేయువారు కలరు. లేదా ప్రతి హెచ్చరికకు ప్రక్కన "ఇచ్చట పలుకకుము" అని వ్రాసి నోరు మూయుదురు. తెలిసినవారు అట్లు చేయరు. అందరు కూర్చుండి నాలుగైదు ముఖ్యనియమములు మాత్రము మొదట ఎన్నుకొందురు. పాతవాటిని కొంతకాలము అట్లే యుంచి, నేటినుండి వ్రాయు ప్రతి క్రొత్త పంక్తిని మాత్రము నియమమునకు లోబరచుదురు. పాత ఖండము నేదేని పనిబడి తెరచినప్పుడు దానిని శుభ్రపరచి మూయుదురు. ఒకచోట హెచ్చరికను త్రోసిపుచ్చవలసివచ్చినచో ఎందుకో ఒక్క వాక్యము వ్రాయుదురు. ఆ వాక్యము వ్రాయలేకపోయిన, హెచ్చరికయే నిజమన్నమాట. ఖాళీలు, జరుపులు, చుక్కలు వంటివాటిని యంత్రము తానే సరిదిద్దును గనుక వానినిగూర్చి మనుష్యులు తగవులాడు అవసరము తప్పినది. ఇది చిన్న లాభము కాదని ఆ పనిలోనివారు చెప్పుదురు.

మనుష్యులకు మిగిలినది పెద్దపని. పేరు నాలుగక్షరములకు తక్కువయని యంత్రము చెప్పగలదు. ఆ పేరు అబద్ధమని చెప్పలేదు. కారపు డబ్బాకు "పసుపు" అని చక్కని అక్షరములతో చీటీ అంటించినను దానికి సమ్మతమే. గణములు సరిపోయి, యతి కుదిరి, రసము లేని పద్యమువంటి ప్రోగ్రామును అది మెచ్చుకొనియే పంపును. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిరి, విశ్వనాథ సత్యనారాయణగారు వారి శిష్యులు. గణములు లెక్కపెట్టుట నేర్పుటకు అంతటి గురువు అక్కరలేదు గదా. అందుచేత మంచి సంస్థలలో యంత్రపరీక్ష యైనవెనుక ఒకరి వ్రాతను మరియొకరు చదువు వాడుక గలదు. యంత్రము చిల్లరతప్పులను ముందే ఏరిపెట్టుటచే ఆ రెండవ చదువరి అర్థమునందే బుద్ధి నిలుపవచ్చును.

ఇప్పుడు ప్రోగ్రాములను వ్రాయుటయు యంత్రమే చేయ మొదలిడినది. మనము కోరినదానిని మాటలలో చెప్పినచో క్షణములో వందల పంక్తులు కూర్చి యిచ్చును. వ్రాత చౌకయైనకొలది చదువుట బరువైనది. నాకు తెర చూపిన యమ్మాయికి దినములో సగము వ్రాయుటకు గాక, అట్టి వ్రాతలను పరీక్షించుటకే సరిపోవుచున్నదట.

ఆమెను నేనొక కోరిక కోరితిని. ఇంటిపాల లెక్కకు చిన్న ప్రోగ్రాము వ్రాసి, అందలి పేర్లు తెలుగున పెట్టుమంటిని. పైథాన్ అను భాష 2008లో వెలువడిన తన 3వ కూర్పునుండి తెలుగు పేర్ల నంగీకరించును. "పాలు", "ధర", "బాకీ" అని పెట్టినది. ప్రోగ్రాము చక్కగ నడచినది. పైలింట్ అను పరీక్షాసాధనము మాత్రము ప్రతి పేరునకు అభ్యంతరము చెప్పినది. ఆంగ్లాక్షరములు కాని పేర్లు దానికి సమ్మతము కావు. ఆ నియమమును తొలగించుటకు అమరికల పత్రమున ఒక్క పంక్తి చాలును. ఆమె ఆ పంక్తి వ్రాసి, దాని ప్రక్కన కారణము తెలుగుననే వ్రాసినది: "ఈ లెక్క చదువువారు తెలుగువారు."